పేరు పెట్టి ఏడ్చే పాట

మా ఇంటికి రేడియో వచ్చిన రోజున మా మేనత్త దాని ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని అడిగిన మొదటి మాట, "గీమెకు ఎవలు సచ్చిండ్రు అల్లుడా?" అని.

అప్పుడు రేడియోలో ఎవరో గాయని సన్నగా సాగదీసి ఒక విరహగీతం పాడుతోంది. నేను హైదరాబాదులో బి.ఏ. చదివి వచ్చినవాణ్ణి. ఎవరూ చావలేదనీ, ప్రియుడు రాలేదని ఆమె బాధపడుతోందనీ, దీన్ని లలిత సంగీతం అంటారనీ విడమరిచి చెప్పాను. అత్త కండెలు చుట్టే రాట్నాన్ని పక్కకు జరిపి, పాట అయిపోయేదాకా విన్నది.

"మంచిగనే ఏడ్సింది. గని వాని పేరు చెప్పకపాయె. ఏ ఊరోడు, ఏం పని జేత్తడు, ఏం తింటడు, ఒక్కటన్న చెప్పిందా? పేరు లేని ఏడుపు ఎవలకు ముడుతది?"

తర్వాతి కాలంలో నేను సంగీత విమర్శలు చాలా చదివాను. ఇంత తక్కువ మాటల్లో పని ముగించినది మళ్ళీ కనబడలేదు. ఆ రోజు మాత్రం, పాపం చదువులేని మనిషి అనుకుని మీట తిప్పాను.

మాది హుస్నాబాదు దగ్గర నేతవాళ్ళ వాడ. ఇంట్లో ముందుగదిలో, కాళ్ళు గుంతలోకి దించి నేసే గుంత మగ్గం, మగ్గంలో బాపు. వెనక గదిలో నన్ను కన్న అవ్వా, అత్తా కండెలు చుట్టేవాళ్ళు. బాపుకు అక్క అయిన ఈ అత్త పెళ్ళయిన రెండో ఏడే భర్తను పోగొట్టుకుని తమ్ముడింటికి తిరిగి వచ్చింది. వచ్చినప్పుడు ఒక ఇత్తడి చెంబు, ఒక గొంతు తెచ్చుకుందని బాపు అనేవాడు. చెంబు కొంతకాలానికి సొట్టపోయింది.

రేడియో నా కోరిక. మా ఊరికి కరెంటు లేదు కనుక దాన్ని నడిపే బ్యాటరీ రేడియోకన్నా పెద్దదిగా, దానికన్నా గంభీరంగా ఉండేది. వార్తలు మొదలైతే బాపు మగ్గం ఆపి వినేవాడు. కొన్నాళ్ళు విన్నాక అడిగాడు.

"గిది ఏం భాష బిడ్డా?"

"తెలుగే బాపు."

"మరి మనం మాట్లాడేదేంది?"

"అదీ తెలుగే," అన్నాను. కాని అంత ధీమాగా అనలేకపోయాను.

నేనేమో మీట తిప్పుతూ ఏ దేశం నుంచి ఏ పాట వస్తుందో వెతికేవాణ్ణి. మొదటి సంవత్సరం అన్నీ బాగున్నాయి. రెండో సంవత్సరానికి అవే పాటలు, అదే వరసలో వస్తున్నాయని తెలిసింది. పాటకు ముందు మాట్లాడే ఆయన గొంతు కూడా ముందే వినబడినట్టు ఉండేది. మంచి పాట ఎక్కడో ఉందనీ, అది నాకింకా చేరలేదనీ గట్టిగా నమ్మేవాణ్ణి. నా వెనక గదిలో, నాలుగు అడుగుల దూరంలో ఒక మనిషి రాట్నం తిప్పుతోంది. అటు చూడాలని నాకు తోచలేదు.

అత్త చేసే పని గురించి చెప్పాలి.

మా వైపు ఎవరైనా పోతే ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. శవం చుట్టూ కూర్చుని ఒకరి భుజం మీద ఒకరు చేయి వేసుకుని, పోయినవాళ్ళను పిలుస్తూ, వాళ్ళ బతుకు చెబుతూ రాగం తీసి ఏడుస్తారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు. మా చుట్టుపక్కల ఏడెనిమిది ఊళ్ళలో ఎత్తుకునే మనిషి మా అత్త. పెళ్ళికి పిలవనివాళ్ళు కూడా చావుకు ఆమె కోసం బండి కట్టి పంపేవాళ్ళు.

ఆమె శోకంలో గొప్పతనం వివరాలది. గుణవంతుడివి, ధర్మాత్ముడివి అని ఎవరైనా అంటారు. మా అత్త నోట అలాంటి మాట నేను వినలేదు. పక్కవాడలో ఒక పెద్దాయన పోతే ఆమె ఎత్తుకున్న మొదటి మాట ఇది:

"గటక సల్లగైందని అలిగి పండినోడా, గియ్యాల నువ్వే సల్లగైతివి గదరా..."

అప్పటిదాకా పొడికళ్ళతో ఉన్న ఆ ముసలాయన భార్య ఆ ఒక్క మాటకు కూలిపోయింది. జొన్నగటక చల్లారిందని నలభై ఏళ్ళు ఆయన ఆమెను సాధించాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. దాన్ని పాట చేయవచ్చని అత్తకు తెలుసు.

ఇంకొకాయన పోయినప్పుడు, "అడుక్కపోయిన మా పార నీ దొడ్లనే ఉండె, ఇగ నేను ఎవలనడగాలె కొడుకో" అని కూడా కలిపింది. రాగం తప్పలేదు, కన్నీళ్ళూ అబద్ధం కాదు. పెద్దకర్మ కాకముందే పార మా ఇంటికి వచ్చింది.

ఇన్ని వివరాలు ఊరికే రావు కదా. ఊళ్ళో ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే అత్త చూడటానికి పోయేది. మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగేది. ఏం కూర ఇష్టమే నీకు? చిన్నప్పుడు ఏ చెరువుల ఈతకొట్టినవు? మొదటిసారి నేసిన చీర ఎవలు కట్టుకున్నరు? ఆమె మనసులో పలకరింపే ఉండేది. కాని అవతలివాళ్ళకు అలా అనిపించేది కాదు. ఆమె గడపలో కనబడగానే ఎంత జ్వరంలో ఉన్నవాడైనా లేచి కూర్చుని, "నాకు మంచిగైంది అక్కా, పొద్దున్నే మగ్గం ఎక్కిన" అనేవాడు. మా ఊరి వైద్యుడి మందుకన్నా మా అత్త పరామర్శే ఎక్కువమందిని నిలబెట్టిందని బాపు అనేవాడు.

ఇదంతా నాకు తమాషాగా ఉండేది. హైదరాబాదు స్నేహితుల దగ్గర చెప్పి నవ్వించేవాణ్ణి. పాట అని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ తర్వాత రెండు మూడేళ్ళకు నాకు ఆదిలాబాదు జిల్లా ఖానాపూర్‌లో బడిపంతులు ఉద్యోగం వచ్చింది. అక్కడ నాతోపాటు ఒక సైన్సు సారు ఉండేవాడు. ఆదిలాబాదు మనిషి. బొంబాయిలో ఉన్న బావ ఇచ్చిన టేపు రికార్డరు ఒకటి ఆయన దగ్గర ఉండేది. తోలుపెట్టెలో రెండు చక్రాలు, లోపల టార్చిలైటు బ్యాటరీలు. దాన్ని సైకిలు వెనక కట్టుకుని, సెలవు దొరికితే గోండు గూడేలకు పోయేవాడు. ఒంటరిగా పోవడం ఇష్టంలేక నన్ను తోడు తీసుకుపోయేవాడు. నేను వెళ్ళడానికి కారణం ఇంకా గౌరవమైనది. ఖానాపూర్‌లో ఆదివారాలు చాలా పొడవుగా ఉండేవి.

అక్కడ ఒక గూడెంలో మొదటిసారి కిక్రి విన్నాను. మూడు తీగల వాద్యం, విల్లులాంటి దాంతో వాయిస్తారు. వాయించే ముసలాయన ఒక వంశం పేర్లు చెబుతూ పాడుతున్నాడు. ఎవరికి ఎవరు పుట్టారు, ఎక్కడినుంచి ఎక్కడికి నడిచారు, ఏ గుట్ట దగ్గర ఎవరిని పాతిపెట్టారు. నాకు ఆ భాషలో ఒక్క మాట రాదు. సైన్సు సారు పక్కనుంచి అర్థం చెబుతున్నాడు. కాసేపటికి ఆయన మాటలు నేను వినడం మానేశాను. ఎక్కడో విన్న పద్ధతి ఇది అనిపించింది. పేరు, ఊరు, ఏం తిన్నాడు, ఎక్కడ పడుకున్నాడు.

తిరిగి వచ్చే దారిలో సైకిలు ఆపి అన్నాను. "సారూ, మా అత్త ముందు గీయన ఏం లెక్క."

"మీ అత్త కిక్రి వాయిస్తదా?"

"వాయించది. ఏడుస్తది."

ఆయన నావైపు జాలిగా చూశాడు. ఇంట్లో ఏదో గొడవ అనుకున్నాడట. నేను గటక పాట సంగతి చెప్పాను. పార సంగతి కూడా చెప్పాను. ఈసారి నవ్వించడానికి కాదు. ఆయన కూడా నవ్వలేదు.

"మరి ఇన్నేండ్ల సంది నన్ను గీ అడవులెంబడి ఎందుకు తిప్పుతున్నవు బాబా?" అన్నాడు. తిప్పుతున్నది ఆయనే. కాని అప్పుడు ఆ మాట అనాలనిపించలేదు.

ఆ రోజునుంచి నాకొక పట్టుదల పట్టుకుంది. అత్తకు అరవై దాటాయి. ఆమె శోకాలు ఏ రోజువి ఆ రోజే పుట్టి, శవంతోపాటే ఊరు దాటిపోతున్నాయి. ఆ గొంతును చక్రాల మీదికి ఎక్కించాలి. నాకు తెలిసిన గొప్ప సంగీతమంతా రేడియోలో ఉంది, రేపూ ఉంటుంది. ఇది ఆమె పోతే పోతుంది.

ఇంక నేను చేసిన ఏర్పాటు చెబుతాను. దాన్ని చదువుకున్నవాడు మాత్రమే చేయగలడు.

మా వాడలో పగలంతా పాతిక మగ్గాలు ఒకేసారి ఆడతాయి. ఆ చప్పుడులో పక్కమనిషి మాటే వినబడదు, టేపులో పాట ఏం వినబడుతుంది. మగ్గాలు ఆగేది నెలకు ఒక్కరోజు, అమావాస్య. ఆ రోజు నేతగాళ్ళు గుంతలోకి కాలు పెట్టరు. కాబట్టి అమావాస్యనాడు రికార్డు చేద్దామని నిర్ణయించాను. అమావాస్యనాడు మా ఇళ్ళల్లో ఏ మాటలు నోటినుంచి రానివ్వరో నాకు తెలియదా అంటే తెలుసు. ఆ రోజు నేను నిశ్శబ్దం సంగతి ఒక్కటే ఆలోచించాను.

సైన్సు సారుతో కలిసి బస్సులు మారి వెళ్ళాను. పొద్దున పది గంటలవేళ. వాడంతా వింతగా మౌనంగా ఉంది. బాపు గడపలో కూర్చుని, చేయడానికి పనిలేక గోళ్ళు చూసుకుంటున్నాడు. అత్త వెనక గదిలో నుంచి వచ్చింది. ఆమెకు జత కలవడానికి పక్కింటి ముసలమ్మలు ఇద్దరిని పిలిపించాను.

సైన్సు సారు ముందు కిక్రి టేపు వినిపించాడు. అత్త తల వంచుకుని విన్నది. అయిపోయాక, "గీయన పేర్లు చెప్తుండు," అన్నది.

"నీకు ఆ భాష వస్తదా అత్తా?"

"పేర్లు చెప్పుడు ఎరుక కాదా? గిది పాట." తర్వాత మూలనున్న రేడియో వైపు చూసి ఏమీ అనలేదు. రేడియో నాది కనుక మర్యాద పాటించింది.

"గిట్లనే నువ్వు కూడ ఒకటి పాడాలె."

"ఎవలు సచ్చిండ్రు?"

"ఎవలు సావలే. ఊకెనే."

ముసలమ్మలు ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. అత్త నన్ను చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది.

"ఊకె ఎట్ల ఏడుత్తరు అల్లుడా?"

"ఇదివరకు ఏడ్సినయి లేవా? గా గటకది పాడు."

"అది ఆయనకు ముట్టింది. ఏడ్సిన ఏడుపు మల్ల ఏడుత్తె పోయినోడు తొవ్వల నిలవడి ఎనుకకు సూత్తడు. పోతున్నోన్ని పోనియ్యాలె గద."

 సైన్సు సారు అప్పటికే చక్రాలు తిప్పాడు. బ్యాటరీలు అయిపోతాయని ఆయన కళ్ళతోనే చెబుతున్నాడు. నేను అక్కడిదాకా మనిషిని రప్పించినవాణ్ణి, గొప్పలు చెప్పినవాణ్ణి. అలాంటప్పుడు నాకు జోకు వస్తుంది. నా జీవితంలో చాలా ఇబ్బందులనుంచి నన్ను జోకులే బయటపడేశాయి. ఆ రోజు కూడా ఒకటి వచ్చింది.

"అయితే నేనే సచ్చిన్ననుకో అత్తా. నా పేరు నీకెరుక, ఊరు ఎరుక, ఏం తింటనో ఎరుక. అడుగుడు గూడ అక్కెర లేదు. ఇగ పాడు."

ఎవరూ నవ్వలేదు.

అత్త ఊపిరి తీసుకున్నది. పాట ఎత్తుకునే ముందు ఆమె తీసుకునే ఊపిరి నాకు చిన్నప్పటినుంచి తెలుసు, ఛాతీ కొంచెం పైకి లేచి, తల ఒక పక్కకు వంగుతుంది. అలాగే వంగింది. మరుక్షణం అరచేత్తో నోరు గట్టిగా మూసుకున్నది. కళ్ళు పెద్దవయ్యాయి. లేచి, గోడ పట్టుకుంటూ వెనక గదిలోకి వెళ్ళిపోయింది.

వంటింటి గడపలోనుంచి అవ్వ అన్నది, "నీ నోట్ల మన్నువడ! అమాస పూట, అత్త నోట్లె నీ సావు పెట్టినవా?"

సైన్సు సారు మీట నొక్కి చక్రాలు ఆపాడు. అవ్వ ఎండుమిరపకాయలతో నాకు మూడుసార్లు దిష్టి తీసింది. మిరపకాయలు మంటలో బాగా ఘాటుగా పేలాయి. దిష్టి లేదని అర్థమట. ఆ ఒక్కటే ఆ రోజు జరిగిన మంచి.

ఆ తర్వాత రెండు నెలలకు మా వాడలో ఒకావిడ పోయింది. అత్తను పిలవడానికి వచ్చారు. గొంతు నొప్పి అన్నది. ఇంకో ఊరినుంచి బండి వచ్చింది. జ్వరమన్నది. మూడోసారి వచ్చినవాళ్ళు బండి తిప్పుకుంటూ, "ఇంట్లకు రేడియో వచ్చినంక గీమెకు గీర పెరిగింది," అని వినబడేలా అన్నారు. అవ్వ ఉత్తరం రాయించింది. దసరా సెలవులకు నేను ఇంటికి పోయాను.

అత్త కండెలు చుడుతోంది. పక్కన కూర్చున్నాను. 

"నామీద కోపమొచ్చిందా అత్తా?"

"కోపమెందుకు."

"మరి పోతలేవట."

ఆమె దారం తెంపి, కొత్త కండె ఎక్కించి, అటువైపే చూస్తూ చెప్పింది. "నువ్వు గా మాట అన్ననాడు నీ పాట నోట్లెకు వచ్చింది అల్లుడా. మొత్తం. మొదలుకాన్నుంచి ఆకిరి దాంక. నేను పిలువలే, అదే వచ్చింది. ఇగ పోతలేదు. ఎవల పీనుగ కాడ నోరు తెరిచినా అదే ఎల్లుతది. గందుకే తెరుస్తలేను."

మొదట నాకు నవ్వు రాబోయింది. ఆమె చేతులు చూసి ఆగిపోయాను. నలభై ఏళ్ళు చూడకుండా దారం పట్టిన వేళ్ళు పోగును వెతుక్కుంటున్నాయి.

"ఒక్కసారి పాడేస్తె పోతది గదా. నేను బతికే ఉంటి, ఏమైతది?"

"పోయేది పాటనా, నువ్వా? నీకెరుకనా?"

"నాకెరుక లేదు."

"నాకూ ఎరుక లేదు. ఎరుక లేనప్పుడు నోరు మూసుకునుడే నయం."

ఆలోచించి చూస్తే ఈ చిక్కుకు ఒకటే పరిష్కారం కనబడింది. నేను చనిపోతే ఆమె ఆ పాట పాడేసి, మళ్ళీ మామూలు మనిషి అవుతుంది. ఆ మాట ఆమెకు చెప్పలేదు. నా జోకులమీద నాకు అప్పటికే కొంత నమ్మకం తగ్గింది.

మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో బాపు పోయాడు. మగ్గం మీద సగం చీర ఉంది. మధ్యాహ్నం గంజి తాగి మళ్ళీ గుంతలోకి దిగుతూ దిగుతూ పక్కకు ఒరిగాడట. కబురు అంది, నేను బస్సులు మారి పెద్దపల్లి మీదుగా వచ్చేసరికి మరునాడు పదకొండు గంటలైంది. వాడంతా మా ఇంటిముందే ఉంది. మగ్గాలు ఆగి ఉన్నాయి. రేడియో మీద ఎవరో బాపు తువ్వాల కప్పారు.

ఆడవాళ్ళు శవం చుట్టూ కూర్చున్నారు. అందరి చేతులూ ఒకరి భుజాలమీద ఒకరివి ఉన్నాయి. ఎవరూ ఎత్తుకోవడం లేదు. అందరూ అత్తవైపే చూస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఏడ్చిన మనిషి, ఇప్పుడు పోయింది ఆమె తోడబుట్టినవాడు. ఇవాళ ఆమె పాడకుండా ఎలా ఉంటుంది?

అత్త బాపు కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకున్నది. గొంతు లోపల ఏదో కొట్టుకుంటోంది. మెడ నరాలు లేస్తున్నాయి, పడుతున్నాయి. కళ్ళలోనుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. శబ్దం మాత్రం లేదు.

నేను గడపలోకి రాగానే తలెత్తి నన్నొకసారి చూసింది. వెంటనే తల తిప్పేసుకున్నది, నన్ను చూస్తే కొంగు చాలదన్నట్టు.

ఆమె ఏం పాడి ఉండేదో నాకు కొంత తెలుసు. బాపు నేసే చీర అంచులో ప్రతిసారీ ఒక పోగు తప్పు వేసేవాడు, దిష్టి తగలకుండా. అక్క వచ్చిన ఏడు, అక్క ఎదురుగా కొత్తబట్ట కట్టనని పండగకు పాతదే కట్టుకున్నాడు. రేడియోలో తెలుగు విని అది ఏం భాష అని అడిగాడు. ఇవి నాకు తెలిసినవి. ఆమెకు నాకన్నా ఇరవై రెట్లు తెలుసు. అవన్నీ ఆమె గొంతులోనే ఉన్నాయి. వాటిమీద నా పాట కూర్చుని ఉంది.

పాడె లేచింది. ఎవరో నలుగురు ఊరికే బిగ్గరగా ఏడ్చారు. వెనకనుంచి ఒక చుట్టపామె అన్నది, "ఊరందరికి ఏడ్సింది. తోడవుట్టినోనికి నోరు రాకపాయె." అత్త విన్నది. నేనూ విన్నాను. కారణం తెలిసిన ఇద్దరం నోరు మెదపలేదు. ఆమెకు కొంగు అడ్డం ఉంది. నాకు ఏ అడ్డమూ లేదు.

కొన్నాళ్ళకు దేశంలో ఒక పెద్దాయన పోయాడు. రేడియోలో రోజులకొద్దీ విషాద సంగీతం తప్ప ఇంకేమీ రాలేదు. అత్త రాట్నం దగ్గరే కూర్చుని విన్నది.

"గీయనకైతే పేరు చెప్తుండ్రు," అన్నది. కండె మారుస్తూ, "ఏం తింటుండెనో చెప్తలేరు. ఇంట్లోల్లను అడిగితె చెప్పకపోతురా?" అన్నది.

సైన్సు సారుకు బదిలీ అయినప్పుడు అమావాస్యనాటి టేపు నాకు ఇచ్చేశాడు. ఇచ్చేముందు ఒక్కసారి బడిలో, పిల్లలు పోయాక వినిపించాడు. ముందు కిక్రి ముసలాయన. ఆ తర్వాత అత్త మాటలు, ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టు. తర్వాత నేను. నా గొంతు నేననుకున్నంత బాగుండదని తెలిసింది. నా జోకు, జోకు తర్వాత గాజుల చప్పుడు, ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు. టేపు మీద అదొక్కటే స్పష్టంగా పడింది. తర్వాత అవ్వ తిట్టు, టక్కుమని మీట. ఏడెనిమిది ఊళ్ళకు తెలిసిన గొంతులో నేను దాచగలిగింది ఆ ఒక్క ఊపిరి.

"మల్ల పెట్టాల్నా?" అన్నాడు సారు.

వద్దన్నాను.

ఇంకొన్నేళ్ళకు, బడికి ఎండాకాలం సెలవులు ఇచ్చిన వారంలోనే అత్త మంచం పట్టింది. డాక్టరు వచ్చి చూసి, నన్ను బయటికి పిలిచి, ఏవేవో ఇంగ్లీషు మాటలు చెప్పి, చివరికి ఇష్టమైనవి తినిపించండి అన్నాడు. లోపలికి వచ్చి మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను.  నోటికి వచ్చింది అడిగాను.

"ఏం కూర ఇష్టమే అత్తా నీకు?"

అడిగాక తెలిసింది నేనేం అడిగానో. ఆమెకు నాకన్నా ముందే తెలిసింది. కళ్ళు తెరిచి చాలాసేపు నన్ను చూసింది. పెదాల చివర నవ్వు లాంటిది కదిలింది.

"నువ్వు అడుగవడితివా?"

"ఊకెనే అడిగిన."

"ఊకె ఎవలడుగుతరు? నేను గూడ గట్లనే అంటుంటి." ఊపిరి కూడదీసుకున్నది. "పుంటికూర. ఉల్లిగడ్డ ఎక్కువెయ్యద్దు. మీ అవ్వ ఎప్పుడు ఎక్కువనే ఏత్తది, నేను అనలే."

జేబులో బడి హాజరు రాసే చిన్న పుస్తకం ఉంది. తీశాను.

"రాసుకుంటున్నవా?"

"మతికి ఉండదు అత్తా."

"రాసింది ఎవలకు ముడుతది?"

నేను మొదటి పేజీలో పుంటికూర అని రాశాను.  అడిగితే చెప్పింది, అడగనివి కూడా చెప్పింది. ఆ రోజు, మరునాడు, ఆ మరునాడు. చిన్నప్పుడు చెరువులో మునగబోతే తమ్ముడు జుట్టుపట్టి లాగాడు, ఆ కుదుళ్ళు ఇప్పటికీ నొప్పి. చీకటంటే భయం, ఎవరికీ చెప్పలేదు. భర్త గురించి అడిగితే కళ్ళు మూసుకున్నది.

"మీ మామ ఒకపాలి జాతరల నాకు ఎర్రగాజులు తెచ్చిండు. గవి నాకు పెద్దగైనయ్. పెద్దగైనయని వాడే అలిగిండు, నేనేదో సిన్నగైనట్టు. గిప్పుడు వాని మొఖం మతికి లేదు. అలిగింది మతికున్నది."

అది కూడా రాశాను. చివరికి అడగాల్సింది అడిగాను.

"నా పాట ఇంక ఉన్నదా?"

"ఉన్నది."

"మంచిగున్నదా?"

"మస్తున్నది." నిజంగానే గర్వం వినబడింది. "నీ జోకులు గూడ ఏసిన అండ్ల. ఫికర్ జెయ్యకు. నాతోటే తీస్కపోత. ఇగ దాన్ని ఎవలు పాడరు."

నాలుగో రోజు మధ్యాహ్నం పోయింది.

ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. భుజాలమీద చేతులు వేసుకున్నారు. మళ్ళీ అదే సంగతి, ఎత్తుకునేవాళ్ళు లేరు. పక్కింటి కోడలొకతె ఏడుపు మొదలుపెట్టింది. గొంతు బాగానే ఉంది. రెండు చరణాలయ్యాక అది రేడియోలో వచ్చే సినిమా పాట వరస అని తెలిసింది. గుణవంతురాలివి, ధర్మాత్మురాలివి అంటోంది. పాపం, ఆమెకు ఇంతకన్నా ఏం తెలుసు. ఆమె కోడలై వచ్చేసరికే మా అత్త ఏ చావుకూ నోరు తెరవని ముసలమ్మ.

నేను లేచి, మగవాళ్ళ మధ్యనుంచి ఇవతలికి వచ్చి, అత్త తలదగ్గర కూర్చున్నాను. వెనక ఎవరో దగ్గారు. నాకు గొంతు లేదు, రాగం రాదు. పుస్తకం తీసి, బడిలో హాజరు పిలిచినట్టే చదవడం మొదలుపెట్టాను.

"పుంటికూరల ఉల్లిగడ్డ ఎక్కువేస్తె తినబుద్ధి కాకపోతుండె. ఎవలకు చెప్పలే."

అవ్వ నోటిమీద చేయి పెట్టుకున్నది.

"చెరువుల మునగబోతె తమ్ముడు జుట్టుపట్టి గుంజిండు. చీకటంటె భయం. చిన్నప్పటి సంది."

ఎవరో ఎక్కిళ్ళు పెట్టారు. పక్కింటి కోడలు పాట ఆపింది. ఎర్రగాజుల దగ్గరికి వచ్చేసరికి నాకు అక్షరాలు కనబడలేదు. "మామ జాతరల ఎర్రగాజులు తెచ్చిండు, గవి పెద్దగైనయని ఆయనే అలిగిండు..." అని అక్కడ ఆగిపోయాను. 

అప్పుడు అమావాస్యనాడు నేను పిలిపించిన ముసలమ్మల్లో ఒకామె పక్కనున్న భుజం మీద చేయి వేసి, తల వంచి, వణికే గొంతుతో అందుకున్నది. "గాజులు పెద్దగైనయని అలిగినోని కాడికి పోతున్నవా నా బిడ్డా..."

మిగతావాళ్ళు అందుకున్నారు.

రాగం తప్పుగానే ఎత్తుకున్నది. అత్త ఉంటే ఊరుకునేది కాదు.